రిజిస్టర్ వాళ్ల దగ్గరుంటే నిరూపించాల్సింది నేనా?

ప్రశ్న: రెండున్నరేళ్లు ఒక సంస్థలో అకౌంట్స్ చూశాను. రోజూ వేలిముద్ర వేసి లోపలికి వెళ్లేదాన్ని. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వలేదు, చేరేటప్పుడు ‘కన్సల్టెంట్’ అని రాసున్న కాగితం మీద సంతకం మాత్రం పెట్టించుకున్నారు. పోయిన నెల ‘రేపటి నుంచి రావద్దు’ అన్నారు. నోటీసు పంపిస్తే ‘ఆమె మా ఉద్యోగే కాదు, పైగా తనే మానేసింది’ అని జవాబిచ్చారు. హాజరు రికార్డంతా వాళ్ల దగ్గరే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ జవాబునే ఇంకోసారి చదవండి. ఉద్యోగే కాకపోతే మానేయడమేంటి? ఈ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవు, మీ లాయర్ దీన్ని గట్టిగా పట్టుకోవాలి.

ఇక నిరూపణ సంగతి. మీరు అక్కడ పనిచేశారని చూపించే బాధ్యత మొదట మీదే, ఇందులో మొహమాటం లేదు. కానీ అది అక్కడితో ఆగిపోదు. 2005లో మన సుప్రీంకోర్టు ఒక రోజుకూలీ కేసులో ఈ విషయం స్పష్టంగా చెప్పింది. ఏడాదిలో 240 రోజులు (చట్టం దీన్ని ఏడాది నిరంతర సర్వీసుగా లెక్కిస్తుంది) పనిచేశానని కార్మికుడు బోనెక్కి చెప్పాలి, ఉత్త అఫిడవిట్ ఒక్కటే సరిపోదు, అయితే ఇలాంటివాళ్లకు లెటర్లు, రసీదులు ఉండవు కాబట్టి హాజరు పట్టీ, జీతాల రిజిస్టర్ తెమ్మని యాజమాన్యాన్ని అడిగించవచ్చు. అందుకే ఆ వేలిముద్రల రికార్డు కోర్టుకు తెప్పించమని రాతపూర్వకంగా అడగండి. వాళ్లు తేకపోతే మీరు గెలిచేసినట్టే అని కాదు, అది కేసును బట్టి ఉంటుంది, కానీ ఎందుకు తేలేదో చెప్పుకోవాల్సిన అవసరం వాళ్లకు పడుతుంది.

‘కన్సల్టెంట్’ అన్న మాటకు భయపడకండి. కాగితం మీద ఏం రాశారన్నది కాదు, పని ఎలా జరిగిందన్నది చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లోనే సిఫార్సు చేసింది. 2021లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఉబర్ డ్రైవర్ల విషయంలోనూ ఒప్పందంలోని మాటల్ని పక్కనపెట్టి అదే చూసింది. మీ ఫోన్‌లో వెతకండి. ‘సార్, రేపు సగం పూట సెలవు కావాలి’ అని మీరు, ‘సరే, శనివారం వచ్చి పని పూర్తి చెయ్యి’ అని ఆయన పెట్టిన మెసేజ్ ఒకటి ఉన్నా చాలా విలువైనది. సొంతంగా పనిచేసుకునే కన్సల్టెంట్ సగం పూట సెలవు అడగడు కదా! నెలనెలా జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, పక్క సీట్లో కూర్చున్నవాళ్ల సాక్ష్యం కూడా కలపండి. స్క్రీన్‌షాట్లు తీశాను కదా అని చాట్ చెరిపేయకండి, ఫోన్ కూడా మార్చకండి.

ఉద్యోగి అని తేలాక తీసేసిన కారణం సంగతి వస్తుంది. అది అన్యాయమని నిరూపించే భారమంతా ఉద్యోగి ఒక్కరి మీదే పడకూడదని 1982 నాటి అంతర్జాతీయ ఒప్పందంలో ఉంది. మన దేశం దాన్ని ఆమోదించలేదు, అయినా ఇక్కడ కూడా ‘తనే మానేసింది’ అనే యాజమాన్యమే ఆ మాటను రుజువు చేసుకోవాలి. వాళ్లకు ఆ అవకాశం మిగలకుండా ‘నేను మానేయలేదు, మీరే రావద్దన్నారు, ఇప్పుడైనా పనికి రావడానికి సిద్ధం’ అని నాలుగు వాక్యాలు రాసి ఈ వారంలోనే రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.