సజ్జ మీదికెక్కిన బొమ్మలు, ఇంట్లో లొల్లి

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది మిర్యాలగూడ. నాయిన రైస్‌మిల్లులో గుమస్తా. నాకు ప్రైవేటు ఉద్యోగం, జీతం 24 వేలు. ఇంటర్ నుంచి అనిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్‌లు చూస్తున్నాను. యూట్యూబ్‌లో తెలుగులో రివ్యూలు చెప్తాను, 600 మంది సబ్‌స్క్రైబర్లున్నారు. ఆ పాత్రల బొమ్మలు, అంటే ఫిగర్లు, ముప్పై దాకా కొన్నాను. కార్డు మీద 18 వేల బాకీ ఉంది, ఇంట్లో తెలియదు. రాత్రి రెండింటి దాకా మేలుకుంటానని, పోరగాండ్ల బొమ్మలకు పైసలు తగలేస్తానని నాయిన రోజూ తిడతాడు. ఎండాకాలంలో పెండ్లి సంబంధం వాళ్లు వస్తున్నారని ఫిగర్లన్నీ డబ్బాలో వేసి సజ్జ మీద పెట్టిండు. నెల తర్వాత దించితే కొన్ని జిగటగా అయినయి, ఒకటి పక్కకు ఒరిగింది. అప్పటి నుంచి నాయినతో మాటల్లేవు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఫిగర్ల సంగతి చూద్దాం. చాలావరకు బాగవుతాయి. అవి పీవీసీతో చేసినవి. ఆ ప్లాస్టిక్ మెత్తగా ఉండటానికి కలిపే నూనెలాంటి పదార్థం, వేడికి, మూసిన డబ్బాలో గాలి ఆడక పైకి ఊరుతుంది. ఆ జిగట అదే. మన నల్గొండ వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే. స్లాబు కింద సజ్జ మీద ఇంకా ఎక్కువ. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి మెత్తటి బ్రష్‌తో కడగండి. చివరిసారి ఫిల్టర్ నీళ్లతోనే కడగాలి, బోరు నీళ్లయితే ఆరాక ఉప్పు తెల్లటి మరకలు కడుతుంది. నీడన ఆరబెట్టండి. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్, శానిటైజర్ తాకనివ్వకండి, రంగు లేచిపోతుంది. ఒరిగినదాని కాళ్లను వేలు పెడితే చురుక్కుమనేంత వేడి నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ఉంచి, నెమ్మదిగా నిటారు చేసి, అట్లాగే పట్టుకుని చల్లని నీళ్లలో ముంచండి. మరిగే నీళ్లు వద్దు. తర్వాత ఎండ పడని గోడకు అద్దం తలుపుల అల్మారీలో, మీ గదిలోనే పెట్టుకోండి. పొట్టి బట్టల పాత్రలుంటే అవి హాల్లో కనిపించకూడదు. పెద్దవాళ్లకు ఇబ్బంది కలగడం సహజం.

ఇక నాయిన. డబ్బాలో వేసేముందు మీకు ఒక మాట చెప్పాల్సింది, అది ఆయన తప్పే. కానీ ఆయన తిట్లలో బొమ్మల కంటే నిద్ర, పైసలు ఎక్కువ వినిపిస్తున్నాయి. ఆ రెండిట్లో ఆయన మాట నిజం. అనిమే గొప్ప కళ అని వాదించి ఆయన్ను గెలవలేరు, గెలవాల్సిన అవసరమూ లేదు.

నిద్ర సంగతి తేలిక. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ అర్ధరాత్రి వచ్చే ఎపిసోడ్ అంటే మనకు రాత్రి ఎనిమిదిన్నర. స్ట్రీమింగ్‌లోకి కొంచెం ఆలస్యంగా వచ్చినా ఒక ఎపిసోడ్ దాదాపు 24 నిమిషాలే, పదకొండు లోపు చూసి పడుకోవచ్చు. రెండింటి దాకా మేలుకోబెట్టేది వారం వారం చూడటం కాదు, పాత సిరీస్ ఒకే బిగిన చూడటం. 12 ఎపిసోడ్లంటే దాదాపు ఐదు గంటలు. దాన్ని శని, ఆదివారాలకు పెట్టుకోండి. వాయిస్ రికార్డింగ్ కూడా పగలే. పొద్దున్నే మిల్లుకు పోయే మనిషి పక్క గదిలో అర్ధరాత్రి మాట్లాడితే ఆయనకు కోపం రాదా?

కార్డు బాకీ అసలు ప్రమాదం. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు 3 శాతం పైనే. ప్రీఆర్డర్లలో ఇట్లా ఇరుక్కోవడం చాలామందికి జరుగుతుంది. బుక్ చేసిన ఆరు నెలలకో ఏడాదికో ఫిగర్ వస్తుంది, విడుదల వాయిదా పడితే మూడు నాలుగింటికి ఒకే నెలలో పైసలు కట్టాల్సి వస్తుంది. పైన రవాణా, కస్టమ్స్ సుంకం. రద్దు చేయడానికి వీలున్న ప్రీఆర్డర్లు ఈ రోజే రద్దు చేయండి. నెలకు 4,500 కడితే నాలుగైదు నెలల్లో బాకీ తీరుతుంది, అప్పటిదాకా కొత్తది ఒక్కటీ వద్దు. ఆ తర్వాత నెలకు రెండు వేలకు మించకండి. ధర, రవాణా, సుంకం, కట్టాల్సిన నెల ఒక నోటుబుక్కులో రాసుకోండి. పాత్ర కొలతకు తగ్గట్టు నిష్పత్తిలో చేసే ఖరీదైన స్కేల్ ఫిగర్లకు బదులు, జపాన్ గేమ్ సెంటర్లలో బహుమతుల కోసం చేసే ప్రైజ్ ఫిగర్లు కొంటే ఖర్చు బాగా తగ్గుతుంది. మరీ చవకగా దొరికితే నకిలీ అని అనుమానించండి: ఘాటైన వాసన, అతుకుల మధ్య సందు, ముఖం మీద చెదిరిన రంగు.

బాకీ సంగతి నాయినకు మీరే చెప్పాలి. బ్యాంకు ఫోన్ ద్వారా తెలిస్తే ఇక ఏ మాటా నమ్మడు. మొదటి వాయిదా కట్టిన రోజు, రసీదు చేతిలో పెట్టుకుని, పొద్దటి చాయ్ దగ్గర చెప్పండి: "నాయినా, 18 వేలు బాకీ పడ్డ. ఇంత కట్టిన. ఫలానా నెలకు తీర్చేస్త." ఆయన తిడితే విని ఊరుకోండి. ఆ పూట ఫిగర్ల మాట ఎత్తకండి.

యూట్యూబ్‌తో సంపాదిస్తానని మాత్రం ఆశ పెట్టకండి. ప్రకటనల ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ కావాలి. అనిమే సీన్లు పొడుగ్గా వాడితే 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు (హక్కుదారుల ఫిర్యాదు మీద యూట్యూబ్ వేసే హెచ్చరికలు) పడి ఛానెలే పోవచ్చు. ఒకటి రెండు స్టిల్స్, మీ గొంతు, మీ అభిప్రాయం చాలు. తెలుగులో ఓపికగా సిరీస్ గురించి చెప్పేవాళ్లు తక్కువ, మీ పని విలువైనదే.

నాయినతో మాటలు కలిశాక, ఆయనకు మీ ఇష్టం చూపించాలనిపిస్తే ఫైటింగ్ సిరీస్‌తో మొదలుపెట్టకండి. యూగో సాకో పూనికతో 1990ల మొదట్లో జపాన్, భారత కళాకారులు కలిసి తీసిన రామాయణం యానిమేషన్ సినిమా ఉంది. తెలుగు ఆడియోతో 2025 జనవరిలో మన థియేటర్లకూ వచ్చింది. అమ్మను కూడా కూర్చోబెట్టండి.

పెండ్లిచూపుల్లో అల్మారీకి దుప్పటి కప్పకండి. అమ్మాయితో మాట్లాడే పది నిమిషాల్లోనే, ఏం చూస్తారో, నెలకు ఎంత ఖర్చు పెడతారో, బాకీ ఎంత మిగిలిందో చెప్పండి. ఆమె ఇష్టాలు కూడా అడగండి. సంబంధం వాళ్లు వచ్చే ముందురోజే ఈ మాట నాయినతో ఒప్పించుకోవాలి. మీరు చెప్తే వినడనుకుంటే, ఆయన గౌరవించే మీ మేనమామనో, పెదనాయిననో పిలిచి, ఆ నోటుబుక్కు ముందు పెట్టి మాట్లాడించండి.