రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 నా, సూపర్ మీటియర్ 650 నా? హన్మకొండల రోజూ నడిపేటోళ్లకు ఏది నయం?

తమ్మీ, నీ ప్రశ్న మొత్తం సదివిన. ఉండేది హన్మకొండ, ఎత్తు ఐదడుగుల ఆరు, రోజూ నయీంనగర్ నుంచి కాజీపేట దాక ఆఫీసుకు పోయి వచ్చుడు, నెలకోసారి వెనక ఇంటామెను కూసోబెట్టుకొని హైదరాబాద్, ఇప్పటిదాక నడిపింది పల్సర్. ఇంటర్‌సెప్టర్ తీసుకోవాల్నా సూపర్ మీటియర్ తీసుకోవాల్నా అని అడిగినవ్. నా దగ్గర ఇంటర్‌సెప్టర్ ఉంది, స్పోక్ వీల్స్ ఉన్న పాత మోడల్. కరీంనగర్ల ఉండే మా బామ్మర్ది దగ్గర సూపర్ మీటియర్ ఉంది. పండుగకో పబ్బానికో కలిసినప్పుడల్లా తాళాలు మార్చుకునుడు మాకు అలవాటు, అందుకే రెండింటి గుణాలు ఒంటికి తెలుసు.

ముందుగాల ఒకటి తేల్చుకుందాం, పవర్ గురించి ఆలోచించుడు బంద్ చెయ్యి. రెండిట్ల ఉన్నది ఒకటే ఇంజన్. 648 సీసీ, పక్కపక్కన రెండు సిలిండర్లు, గాలి తోని ఆయిల్ తోని చల్లబడేది, 47 హార్స్ పవర్, 52 న్యూటన్ మీటర్ల టార్క్ (అంటే గుంజే బలం), ఆరు గేర్లు, అల్కగ పట్టుకోవచ్చే స్లిప్ అసిస్ట్ క్లచ్. 2018 నవంబర్ల ఇంటర్‌సెప్టర్, అదే కంపెనీ కాంటినెంటల్ జీటీ కలిసి మన మార్కెట్‌కు వచ్చినయి, అదే ఇంజన్ వేరే ఛాసిస్ల పెట్టి 2023 జనవరిల సూపర్ మీటియర్ దింపిండ్రు. యూరప్‌ల ఏ2 అని మధ్యరకం బండ్లకిచ్చే లైసెన్స్ ఉన్నోళ్లకు 35 కిలోవాట్ల హద్దు ఉంటది, అంటే 47 హార్స్ పవర్ చిల్లర, ఇది సరిగ్గ ఆ గీత లోపలనే ఉంటది. మనకు దాంతోని పని లేదు గని గంత పెద్ద ఇంజన్‌కు గింతేనా పవర్ అని అడిగేటోళ్లు ఊరికొకడు తగుల్తడు కాబట్టి చెప్తున్న. ఇంజన్ లోపల తిరిగే క్రాంక్ 270 డిగ్రీలది, అందుకే రెండు సిలిండర్లు సమానమైన గ్యాప్‌ల పేలవు, ఆ గుడగుడ సౌండ్ దాంతోనే. 2500 ఆర్‌పీఎం కాడికే టార్క్‌ల 80 శాతం వచ్చేస్తది అని కంపెనీ చెప్తది, నడిపితే ఆ మాట నిజమే అనిపిస్తది, అదాలత్ కాడ ఆర్టీసీ బస్సు వెనక మూడో గేర్ల మెల్లగ పోతున్నా ఇంజన్ కొట్టుకోదు, గేర్ తగ్గించమని సతాయించదు. ఇది రెండింటికీ వర్తిస్తది.

మరి తేడా ఏడుంది అంటే బండి ఆగినప్పుడు, మెల్లగ పోయినప్పుడు. టెస్ట్ రైడ్‌కు పోయినోళ్లంత ఏం చేస్తరు, రోడ్డు ఖాళీగ ఉన్న కాడికి పోయి యాక్సిలేటర్ తిప్పి 100 కొట్టి వస్తరు, అబ్బ మస్తుందిరా అంటరు. 100 మీద రెండూ మస్తుగనే ఉంటయి. నువ్వు చూడాల్సింది షోరూం ముంగట ర్యాంప్ మీద బండిని ఇంజన్ బంద్ పెట్టి, కూసొని, కాళ్లతోని వెనకకు నెట్టుడు. సూపర్ మీటియర్ 241 కేజీలు, ఇంటర్‌సెప్టర్ 218 దగ్గర. ఇరవై మూడు కేజీలే కదా అనుకుంటవ్, బియ్యం బస్తకు తక్కువనే, గని మన హన్మకొండ గల్లీలల్ల గేటు లోపల కారు, కారు పక్కన సందుల బైకు, గేటు దాటంగనే మోరి మీద ఏటవాలు సిమెంట్ ర్యాంప్, పొద్దుగాల ఎనిమిదింటికి ఆఫీసు టైంకు దాన్ని గుంజి బయటికి తీసేటప్పుడు ఆ తేడ నడుముకు తెలుస్తది. మా బామ్మర్ది మా ఇంటికి వస్తే బండి లోపల పెట్టడు, రోడ్డు మీదనే కవర్ కప్పి వదిలేస్తడు.

అట్లని సూపర్ మీటియర్ల మంచి లేదని కాదు. సీటు ఎత్తు 740 ఎంఎం, నా దాంది 804. మా బామ్మర్ది నీకంటే రెండు అంగుళాలు తక్కువ, వానికి సూపర్ మీటియర్ మీద రెండు పాదాలు నిండుగ భూమికి ఆనుతయి, నాది ఎక్కితే మునివేళ్ల మీద నిలబడ్తడు. నువ్వు ఐదు ఆరు అంటున్నవ్ కాబట్టి నీకు ఇంటర్‌సెప్టర్ మీద పాదం ముందు భాగం రెండు దిక్కుల ఆనుతది, అది సాలు. ఒక్కటి మాత్రం, సిగ్నల్ కాడ కాలు కింద పెట్టినప్పుడు ఇంటర్‌సెప్టర్ ఫుట్‌పెగ్ సరిగ్గ పిక్కకు తగుల్తది. కొత్తల ఇదేందిరా అనిపిస్తది, తర్వాత కాలు కొంచెం ముందుకు పెట్టుడు అలవాటైతది.

ఇగ స్పీడ్ బ్రేకర్ల సంగతి, నా మటుకు నాకు ఫైసలా చేసింది ఇదే. ఇంటర్‌సెప్టర్ గ్రౌండ్ క్లియరెన్స్, అంటే భూమికి బండి అడుగుకు నడుమ జాగ, 174 ఎంఎం, సూపర్ మీటియర్ 135. మన దిక్కు ఊర్లల్ల స్పీడ్ బ్రేకర్లు ఎట్లుంటయో నీకు నేను చెప్పాల్నా, ఎవరింటి ముంగట వాళ్లు సిమెంట్ గంపతోని పోసుకున్నట్టుంటయి. పరకాల దిక్కు పోయినా, నర్సంపేట దిక్కు పోయినా అదే కత. వెనక మనిషి కూసున్నదంటే సూపర్ మీటియర్ కింద గర్‌ర్‌మని రాసుకునే సౌండ్ వస్తది, దానికి ఉపాయం బ్రేకర్‌ను అడ్డంగ, మూలకు కోసుకుంట ఎక్కియ్యాలె, వెనక ఆటో వాడు హారన్ కొట్టినా సరే.

దీనికంటే పెద్ద ముచ్చట కాళ్లు పెట్టే జాగ. సూపర్ మీటియర్ క్రూజర్, కాళ్లు ముందుకు చాపి కూసుంటవ్. హైవే మీద రాజాలాగ ఉంటది, ఒప్పుకుంట. గని గుంత అచ్చినప్పుడు మనం ఏం చేస్తం, తెల్వకుండనే పెగ్స్ మీద బరువేసి సీటు మీద నుంచి కొంచెం లేస్తం, పల్సర్ నడిపినోనివి నీకు అది చెప్పక్కర్లేదు. కాళ్లు ముందుకున్న బండి మీద లేవరాదు. లేవాలంటే హ్యాండిల్ పట్టుకొని గుంజుకోవాలె, అంతసేపట్ల గుంత అయిపోతది, దెబ్బ మొత్తం పోయి నడుము కింద ఎముకకు తగుల్తది. వెనక షాకప్‌లు రెండింట్లనూ కొంచెం గట్టివే, అందుకే ఇంటర్‌సెప్టర్ మీద లేచి తప్పించుకుంటవ్, సూపర్ మీటియర్ మీద కూసొని తింటవ్. ములుగు దాటి జంగాలపల్లి కాడ నుంచి రామప్పకు తిరిగే దారిల ఒకసారి బండ్లు మార్చుకున్నం, వానలు పడ్డంక పోయినం, రోడ్డు మీద అక్కడక్కడ డాంబర్ లేసిపోయి కంకర తేలింది. పాలంపేట చేరే వరకు నేను నడుము పట్టుకున్న, వాడు మాత్రం "బావా, నీది సైకిల్ తొక్కినట్టు ఎటంటే అటు తిరుగుతాంది" అనుకుంట దిగిండు. వీల్‌బేస్, అంటే రెండు చక్రాల నడుమ దూరం, తేడ అది, నాది 1400 ఎంఎం లోపల, వానిది 1500.

హైవే మీద కత తిరగబడ్తది. హైదరాబాద్ రోడ్డు, స్టేషన్ ఘన్‌పూర్ దాటినంక నాలుగు లైన్ల మీద సూపర్ మీటియర్ అటు ఇటు కదలదు, పక్కపొంటి లారీ పోయినా గాలికి ఊగదు. ట్యాంక్ 15.7 లీటర్లు, నాది 13.7. మైలేజ్ నాకు సిటీల 22, 23 వస్తది, హైవే మీద 90 దాటకపోతే 27 దాక, వానిది కూడ అటు ఇటుగ అంతే. అంటే వాడు హైదరాబాద్ పోయి వచ్చినా బంక్ మొహం చూడక్కర్లేదు, నేను వచ్చేటప్పుడు భువనగిరి కాడ ఒకసారి గేజ్ దిక్కు చూస్త. గాలి మాత్రం రెండింటి మీద ఛాతికి కొడ్తది, 100 దాటితే చేతులు గుంజుతయి. సూపర్ మీటియర్ల సెలెస్టియల్ వేరియంట్ తీసుకుంటే ముందు అద్దం, వెనక ఆమెకు ఆనుకునే బ్యాక్‌రెస్ట్ వస్తయి.

ఇంటామె గురించి అడిగినవ్ కాబట్టి మా ఇంటామె మాటనే చెప్త. ఎక్కుడు దిగుడుకు, చీర కట్టుకున్నప్పుడు ముఖ్యంగ, సూపర్ మీటియరే నయం అంటది, ఎత్తు తక్కువ కాబట్టి. కూసునే కాడికి వస్తే బ్యాక్‌రెస్ట్ ఉన్న దానికే ఓటు. బ్యాక్‌రెస్ట్ లేకుంటె మాత్రం ఇంటర్‌సెప్టర్ పొడుగు సీటే నచ్చుతది అంటది, జరగనీకె జాగ ఉంటది. అయితే ఆ సీటు పలుచగ ఉంటది, జనగామ వచ్చేసరికి చాయ్ తాగుదామా అని భుజం తడ్తది. నేను సీటు కవర్ ఇప్పించి లోపల వేరే ఫోమ్ వేయించిన, ఇప్పుడు ఆలేరు దాక ఏం అనదు.

స్పోక్ వీల్స్ వద్దు, ఇది గట్టిగ చెప్తున్న. ట్యూబ్ ఉన్న టైరు పంక్చర్ అయితే వీల్ ఊడదియ్యాలె, రోడ్డు పక్కన పంక్చర్ షాపుల స్ప్లెండర్‌కు సరిపోయే స్పానర్లే ఉంటయి. రఘునాథపల్లి దగ్గర వెనక టైరుకు మొల దిగితే ఆ షాపు పెద్దమనిషి బండి దిక్కు చూసి "ఇది నాతోని కాదు బిడ్డా" అన్నడు, టాటా ఏస్ల ఎక్కించుకొని హన్మకొండకు తెచ్చుకున్న, ఎక్కించనీకె నలుగురు పట్టిండ్రు. సూపర్ మీటియర్‌కు అన్నిట్ల అలాయ్ వీల్స్, ట్యూబ్‌లెస్సే. ఇంటర్‌సెప్టర్ల 2023 నుంచి బ్లాక్ రే, బార్సిలోనా బ్లూ రంగులల్ల అలాయ్స్ వచ్చినయి, తీసుకుంటే అవే తీసుకో, క్రోమ్ చూసి మోసపోకు.

లైటు కూడ చూసుకో. 2023కు ముందటి ఇంటర్‌సెప్టర్‌కు హాలోజన్, తర్వాత ఎల్ఈడీ, సూపర్ మీటియర్‌కు మొదటి సందే ఎల్ఈడీ. ఇది షోకు కోసం కాదు తమ్మీ. కోతల టైంల, వానాకాలం పంటకైనా యాసంగికైనా, మన దిక్కు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తరు, రాత్రికి కుప్ప చేసి పరదలు కప్పి చుట్టూ రాళ్లు పెడ్తరు. నల్ల పరద, నల్ల రోడ్డు, ఎదురుంగ ట్రాక్టర్ లైటు కండ్లల్ల కొడ్తది, ఆ రాయి హాలోజన్ వెలుగుల మీదికి వచ్చేదాక కనపడదు. ఎల్కతుర్తి, హుజూరాబాద్ దిక్కు రాత్రి పూట పోతే నేను 50 దాటను. రైతును తిట్టి లాభం లేదు, కల్లం లేకపోతే యాడ ఆరబోస్తడు.

ఎండకాలం వేడి రెండిట్లనూ ఉంటది. మే నెలల చౌరస్తా సిగ్నల్ కాడ ఆగితే తొడలకు, పిక్కలకు సెగ కొడ్తది, సూపర్ మీటియర్ మీద కాళ్లు ముందుకుంటయి కాబట్టి కొంచెం వేరే కాడ కాల్తది, గంతే.

పైసల ముచ్చట. 2025 సెప్టెంబర్ 22 సంది 350 సీసీ దాటిన బండ్ల మీద జీఎస్టీ 40 శాతం, అంతకుముందు సెస్ తోని కలిపి 31 ఉండె. అందుకే పాత వీడియోలల్ల చెప్పే రేట్లు నమ్మకు, ఆన్ రోడ్ కొటేషన్ చేతికి తీసుకున్నంకనే మాట్లాడు. సూపర్ మీటియర్‌కు ఎంత లేదన్నా అరవై వేల పైన ఎక్కువ పెట్టాలె. సెకండ్ హ్యాండ్ల 2023 తర్వాతి అలాయ్ వీల్ ఇంటర్‌సెప్టర్ దొరికితే వదలకు. మెయింటెనెన్స్ ఖర్చు రెండింటికీ ఒకటే, ఇంజన్ ఒకటే కదా, ఆయిల్ 10,000 కిలోమీటర్లకోసారి మార్చాలె, మార్చినప్పుడు మూడు లీటర్ల పైన పడ్తది. చైన్ మాత్రం సొంతంగ కడుక్కొని లూబ్ కొట్టుడు నేర్చుకో, ఇంటర్‌సెప్టర్‌కు సెంటర్ స్టాండ్ ఉంటది కాబట్టి ఆ పని అల్కగ అయితది.

నీ లెక్క చూస్తే రోజూ తిరిగేది నయీంనగర్, కాజీపేట మధ్యల, హైదరాబాద్ నెలకోసారి, కాబట్టి నా ఓటు అలాయ్ వీల్స్ ఇంటర్‌సెప్టర్‌కు. నీ పని హైదరాబాద్ల ఉండి వారంవారం పోవాల్సి ఉంటే సెలెస్టియల్ తీసుకో అనేటోన్ని. ఎత్తు ఐదు మూడు, నాలుగు ఉన్నోళ్లకైతే ఇంటర్‌సెప్టర్ తీసుకో అనను, వాళ్లకు సూపర్ మీటియర్ ధైర్యం ఇస్తది.

చివర్ల కాంటినెంటల్ జీటీ గురించి కూడ ఒక ముక్క అడిగినవ్. చూడనీకె మూడింట్ల అదే అందం. గని హ్యాండిల్ కిందికి, పెగ్స్ వెనకకు, ట్యాంక్ 12.5 లీటర్లు, ఎంజీఎం దవాఖాన ముందట ట్రాఫిక్ల క్లచ్ పట్టుకుంట వదులుకుంట పోతే మణికట్లు వాస్తయి. ఇంట్ల ఇంకో బండి ఉండి, ఆదివారం పొద్దున తాడ్వాయి అడవి దారిల పోయి రావాలనుకుంటే అప్పుడు కొను.