సల్ఫర్ ఎక్కువున్న డీజిల్ పడితే బీఎస్-6 బండి క్యాటలిస్ట్ పాడైపోయినట్టేనా?

క్యాటలిస్ట్ (పొగలోని హానికర వాయువులను శుద్ధి చేసే భాగం) చాలాసార్లు పూర్తిగా పాడవదు. తగినంత వేడి తగిలితే పనితీరు చాలావరకు తిరిగొస్తుంది. డీజిల్‌లోని సల్ఫర్ ఇంజిన్‌లో కాలి సల్ఫర్ ఆక్సైడ్లుగా మారుతుంది. అవి క్యాటలిస్ట్‌లో నైట్రోజన్ ఆక్సైడ్లను శుద్ధి చేయాల్సిన చోట్లను ఆక్రమించి కూర్చుంటాయి. అందుకే 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా డీజిల్‌లో సల్ఫర్ పరిమితిని 50 పీపీఎం (పది లక్షల భాగాల్లో 50) నుంచి 10కి దించారు.

ఉదాహరణకు, రాగి-జియోలైట్ ఎస్‌సీఆర్ (యూరియా ద్రవం సాయంతో నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే క్యాటలిస్ట్) ఉన్న ట్రక్కు ఊళ్లోనే ఆగుతూ తిరిగితే పొగ 200-300 డిగ్రీల దగ్గరే ఉంటుంది, సల్ఫర్ పేరుకుపోతుంది. అదే ట్రక్కుకు సర్వీస్ సెంటర్‌లో రీజనరేషన్ (పొగను కావాలని బాగా వేడెక్కించడం) పెట్టి, ఎస్‌సీఆర్‌ను 500 డిగ్రీలు దాటించి కాసేపు ఉంచితే చాలావరకు వదులుతుంది. (ఆ సమయంలో సైలెన్సర్ దగ్గర ఎండుగడ్డి, చెత్త ఉండకూడదు.)

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: మంచి డీజిల్ కొట్టిస్తే అదే శుభ్రమవుతుందనుకుంటారు. మంచి డీజిల్ కొత్త సల్ఫర్‌ను ఆపుతుందంతే, పట్టినదాన్ని వదిలించేది వేడే. యూరియా ద్రవం మార్చినా అది పోదు.