బరంపురం నుంచి చిల్కా పక్షులను చూడడానికి ఎటువైపు వెళ్లాలి?

మీరు మూడు విషయాలు అడిగారు: సంక్రాంతి సెలవుల్లో బరంపురం నుంచి చిల్కాకు వెళ్తే పక్షులు ఏ వైపున బాగా కనిపిస్తాయి, ఒకే రోజులో సరస్సు చుట్టుపక్కల ఉన్న రంభ, కాళీజాయి, సాతపడ, మంగళజోడి అన్నీ చుట్టి రావచ్చా, మోకాళ్ల నొప్పులున్న మీ నాన్నగారు పడవ ఎక్కగలరా అని. నేను గంజాం జిల్లాలోనే పుట్టి పెరిగాను. శీతాకాలంలో ఆ సరస్సు ఒడ్డుకు వెళ్లడం నాకు చిన్ననాటి నుంచి ఉన్న అలవాటు. ఆ అనుభవంతో చెబుతున్నాను: పక్షుల కోసమే వెళ్లదలచుకుంటే మంగళజోడి ఒక్కటే పెట్టుకోండి, ఉదయమంతా అక్కడే గడపండి, మిగిలినవాటిని మరో ప్రయాణానికి వదిలేయండి.

ఇలా ఎందుకు అంటున్నానో అర్థం కావాలంటే ఆ సరస్సు తీరు కొంత తెలియాలి. చిల్కాలో నీరు అంతటా ఒకేలా ఉండదు. ఉత్తరాన మహానది పాయలైన దయా, భార్గవీ నదులు మంచినీటినీ ఒండ్రునూ తెచ్చి పోస్తాయి, తూర్పున సముద్రం కలిసే ముఖద్వారం గుండా ఉప్పునీరు వస్తుంది, దక్షిణాన మన రంభ వైపు నీరు లోతుగా, తేటగా నిలిచి ఉంటుంది. వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటి విస్తరించే సరస్సు వేసవికి 900 దగ్గరకు కుంచించుకుపోతుంది. నీటిమట్టం తగ్గేకొద్దీ ఉత్తరపు ఒడ్డున బురద మేటలు, జమ్ము పొదల మధ్య మోకాలి లోతు నీళ్లు బయటపడతాయి. పొడవాటి ముక్కుతో బురదలో పురుగులను వెతుక్కునే ఉల్లంకి జాతులకూ, నీటి మొక్కల గింజలు, వేళ్లు తినే బాతులకూ మేత అక్కడే ఉంటుంది. రంభలో కొండలూ దీవులూ ఎంతో అందంగా ఉంటాయి కానీ, కాళ్లు ఆనని నీటిలో ఈ పక్షులకు తిండి దొరకదు. మా బంధువులు కొందరు రంభలో పడవ ఎక్కి, పక్షులే లేవని నిరాశపడి తిరిగిరావడానికి కారణం అదే.

ఈ ఉప్పునీటి, మంచినీటి సమతూకం ఒక దశలో దాదాపు చెడిపోయింది. 1981లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో, చేరిన చిల్కా, ముఖద్వారం ఇసుకతో పూడుకుపోయి, ఉప్పదనం తగ్గి, కలుపు మొక్కలు కమ్ముకోవడంతో 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాకు ఎక్కింది. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్విన తరువాత చేపల రాబడి పెరిగింది, కలుపు తగ్గింది, 2002లో ఆ జాబితా నుంచి చిల్కా బయటపడింది. పిల్లలను తీసుకువెళ్తున్నారు కనుక ఈ సంగతి వారికి దారిలో చెప్పండి. పాడైన సరస్సు మళ్లీ కోలుకోగలదని మన ఇంటి పక్కనే రుజువైన విషయం ఇది.

మంగళజోడి ఖుర్దా జిల్లాలో, పదహారో నంబరు జాతీయ రహదారి మీది టాంగీకి దగ్గరలో ఉన్న ఊరు. బరంపురంలో తెల్లవారుజామున బయలుదేరితే అక్కడికి చేరేసరికి ఎండెక్కుతుంది, కాబట్టి ముందురోజు సాయంత్రానికే చేరుకుని రాత్రి ఆ ఊళ్లోనో, బాలుగావ్‌లోనో బస చేయడం మేలు. సూర్యోదయానికి ముందే పడవ రేవులో ఉండండి. అక్కడి పడవలకు ఇంజను ఉండదు, గెడ వేసి నడుపుతారు. చప్పుడు లేకుండా నీటి మీద జారుకుంటూ వెళ్లే పడవను పక్షులు అంతగా పట్టించుకోవు, ఇంజను మోత వినిపిస్తే మాత్రం దూరం నుంచే గుంపుగా లేచిపోతాయి. మీతో వచ్చే గైడు బైనాక్యులరూ, పక్షుల బొమ్మలున్న పుస్తకమూ తానే తెస్తాడు. మీ పిల్లలకు బడిలో నేర్చుకున్న ఒడియా అక్కడ చక్కగా పనికివస్తుంది.

ఆ గైడుల గురించి ఒక మాట చెప్పాలి. ఒకప్పుడు ఆ ఊళ్లో చాలామందికి పక్షులను వేటాడి అమ్మడమే జీవనాధారం. 2000 ప్రాంతంలో వారే వేట మానేసి, రక్షణ సంఘంగా ఏర్పడి కాపలా కాయడం మొదలుపెట్టారు. పక్షి ఎక్కడ మేస్తుందో, ఏ కూత ఏ పక్షిదో, గాలి ఎటు వీస్తే ఏ మడుగులో చేరతాయో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. అటువంటి జ్ఞానం కాపుదలకు ఉపయోగపడడం చూసినప్పుడల్లా నాకు ఆ ఊరి మీద గౌరవం పెరుగుతుంది. వారు అడిగే పడవ రుసుము దగ్గర బేరం ఆడవద్దని నా మనవి, ఎందుకంటే వేట మానిన ఇళ్లు నడిచేది ఆ డబ్బుతోనే.

కనిపించే పక్షుల్లో సూదితోక బాతులు, ఎర్రమట్టి రంగులో మెరిసే చక్రవాకాలు, నీలికోళ్లు, నారాయణపక్షులు పిల్లలు కూడా వెంటనే గుర్తుపట్టగలిగేవి. నాకు అన్నింటికన్నా ఇష్టమైన దృశ్యం పొడవాటి ముక్కుండే నల్లతోక గాడ్విట్‌ అనే పక్షుల గుంపు. వేలకొద్దీ పక్షులు బురదలో తలలు వంచి మేస్తుండగా జమ్ము మీదుగా ఒక గద్ద తక్కువ ఎత్తులో వస్తే, గుంపంతా ఒక్కసారిగా లేచి, తెల్లని రెక్క చారలు మెరిపిస్తూ తిరిగి, మళ్లీ అదే చోట వాలుతుంది. గద్దకు భయపడి లేవడం వాటి జీవితంలో భాగమే కానీ, ఫొటో కోసం మనం లేపడం వేరు. ఎగిరే పక్షుల ఫొటో రావాలని పడవవాణ్ని చప్పట్లు కొట్టమని అడిగేవారిని చూశాను, దయచేసి మీరు ఆ పని చేయకండి, పిల్లలనూ చేయనివ్వకండి. ఈ పక్షుల్లో అనేకం మార్చి నాటికి వేల కిలోమీటర్లు ఉత్తరానికి ఎగిరిపోవాలి. తల మీద రెండు నల్ల చారలుండే బాతులైతే ఏకంగా హిమాలయాలనే దాటాలి. ఆ ప్రయాణానికి కావలసిన కొవ్వును ఇక్కడ మేసే ప్రతి గంటలోనూ కూడబెట్టుకుంటున్నాయి. పక్షులు మేత ఆపి మెడలు నిక్కించి చూస్తున్నాయంటే మనం ఎక్కువ దగ్గరకు వెళ్లామని అర్థం, అక్కడే గెడ ఆపించండి. పావుగంట కదలకుండా కూర్చుంటే అవే మళ్లీ మేతలో పడతాయి. డ్రోన్ తీసుకువెళ్లే ఆలోచన ఉంటే మానుకోండి, వాటికి అది కొత్త రకం గద్దలాంటిదే.

మకర సంక్రాంతికి కాళీజాయి దీవిలో పెద్ద మేళా జరుగుతుంది, ఆ రోజుల్లో బాలుగావ్, బర్కుల్ రేవులు జనంతో కిక్కిరిసి ఉంటాయి. అమ్మవారి దర్శనం మీ ఉద్దేశం కాకపోతే పండుగకు వారం ముందో, తరువాతో వెళ్లడం మంచిది. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి సగం వరకు పక్షులు నిండుగా ఉంటాయి. సాతపడలో చూడదగినవి ఇరావతి డాల్ఫిన్లు, అక్కడికి బరంపురం నుంచి చాలా చుట్టు తిరగాలి కనుక దానికి వేరే రోజు పెట్టుకోండి. సరస్సులోని నలబాణ దీవి 15.53 చదరపు కిలోమీటర్ల పక్షి అభయారణ్యం, వానాకాలంలో మునిగి శీతాకాలంలో తేలుతుంది. అక్కడికి ఇంజను పడవలోనే, అటవీ శాఖ అనుమతించిన హద్దు వరకే వెళ్లాలి, కాబట్టి చిన్నపిల్లలకు మంగళజోడే నయం.

ఇక నాన్నగారి సంగతి. మంగళజోడి పడవ అంచు ఎత్తు తక్కువే కానీ, గట్టు మీద నుంచి అందులోకి దిగడానికీ, రెండు మూడు గంటలు కాళ్లు కదపకుండా కూర్చోవడానికీ మోకాళ్లు సహకరించాలి. ముందే చెప్పి కాస్త ఎత్తైన కూర్చునే చోటున్న పడవ అడగండి. అది కుదరకపోతే, రేవుకు పోయే గట్టు దారికి రెండు వైపులా మడుగులే కనుక ఆయన గట్టు మీదే ఉండి చూడవచ్చు. ఒక మడత కుర్చీ, ఒక టోపీ వెంట ఉంచండి. పడవ పూర్తిగా వద్దనుకుంటే మరో మార్గం ఉంది. ఇచ్ఛాపురం మీదుగా శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు వెళ్లి, నౌపడ దగ్గరి తేలినీలాపురం చూపించండి. గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ సెప్టెంబరు నాటికే వచ్చి, ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కట్టుకుని వేసవి ముందు వరకు ఉంటాయి. ఊరివాళ్లు వాటి రాకను శుభంగా భావిస్తారు. ఎండ ముదరకముందే చేరుకుంటే, గూళ్లలోని పిల్లలకు చేపలు తెచ్చే పక్షుల రాకపోకలను ఆయన కుర్చీలో కూర్చునే చూడవచ్చు.