ధర సంగతి తర్వాత, ముందు మెయింటెనెన్స్ బిల్లులు అడగండి

ప్రశ్న: బీచ్ పక్కన రిసార్ట్‌లో టైమ్‌షేర్, అంటే ఏటా ఒక వారం గది వాడుకునే హక్కు, రీసేల్‌లో (పాత ఓనర్ దగ్గర) దాదాపు ఉచితంగా వస్తోంది. కొత్తగా కొంటే దీనికి ఎన్నో రెట్లు పెట్టాలి. తీసుకోవచ్చా? ఖర్చులు ఎలా లెక్క వేసుకోవాలి?

మీ ప్రశ్నలో "దాదాపు ఉచితంగా" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. మా పిన్ని వాళ్ళ వారాన్ని నాకు ఇస్తానన్నప్పుడు నేనూ అచ్చంగా ఈ మాటే అనుకున్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ఆ వారాన్ని మా బాబాయి రిసార్ట్ వాళ్ళ దగ్గరే నిండు ధర పెట్టి కొన్నారు. పదిహేడేళ్ళు ఏటా మెయింటెనెన్స్ కట్టారు. ఆయన పోయాక పిల్లలిద్దరూ మాకొద్దన్నారు. పిన్ని ఫోన్ చేసి, "నువ్వయితే పిల్లల్ని తీసుకుని వెళ్తావు కదా, నీ పేరు మీదికి మార్పించుకోరా" అంది. పేరు మార్చడానికయ్యే ఖర్చు తప్ప నేను పెట్టాల్సింది ఏమీ లేదు. నాకు ఎంత సంతోషమనిపించిందో చెప్పలేను. సంతకం పెట్టేముందు ఒకసారి చూసినట్టు ఉంటుందని ఆ ఏడాది ఆమె వారానికి ఇద్దరం కలిసి వెళ్ళాం.

వెళ్ళిన సాయంత్రం బాల్కనీ తలుపు తీద్దామంటే జరగలేదు. రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే ఒకాయన చేతిలో ఆయిల్ స్ప్రే డబ్బా, చిన్న ఇనుప బ్రష్ పట్టుకుని వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని తలుపు కింది పట్టీని గీకితే తెల్లగా పెచ్చులు లేచాయి. "ఉప్పుగాలండీ. ఈ వరుసలో గదులన్నీ ఇంతే. చివరి గది దాకా బాగుచేసుకుంటూ వెళ్ళేసరికి మొదటి గది తలుపు మళ్ళీ పట్టేస్తుంది" అన్నాడు. ఆయన మామూలుగానే చెప్పాడు గానీ నాకు ఆ మాట మనసులో ఉండిపోయింది. తలుపు తెరుచుకున్నాక బాల్కనీలోకి వెళ్ళి చూశాను. రెయిలింగ్ అడుగున పెయింట్ బుడగలు బుడగలుగా లేచింది. పై అంతస్తు బాల్కనీ కింది భాగంలో జానెడు పగులు, దాని నుంచి గోధుమరంగు చార. సముద్రం పక్కన ఉప్పు కాంక్రీటులోకి దిగి లోపలి ఊచల్ని తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బితే కాంక్రీటు పగులుతుంది, ఆ పగులులోంచి మరింత ఉప్పునీరు లోపలికి పోతుంది. ఇదంతా బాగుచేసే ఖర్చు ఎవరి జేబులోంచి వస్తుంది? ఓనర్ల జేబుల్లోంచే. అంటే సంతకం పెట్టిన మర్నాటి నుంచీ నా జేబులోంచి.

ఆ రాత్రి పిన్ని తనతో తెచ్చిన ఫైలు తీసింది. అందులో కాగితాలన్నిటి పైన బాబాయి రాసుకున్న ఒక పేజీ ఉంది. ఎడమ వైపు సంవత్సరం, పక్కన ఆ ఏడాది కట్టిన మెయింటెనెన్స్ ఫీజు, నీలం ఇంకుతో, ఆయన గుండ్రటి చేతిరాత. ఒక్క ఏడు కూడా తగ్గలేదు. చివరి అంకె మొదటి అంకెకి రెట్టింపు పైనే ఉంది. రెండు చోట్ల ఎర్ర ఇంకుతో అదనపు మొత్తాలు రాసి చుట్టూ గీత గీశారు. ఒకటి తుఫాను తర్వాత పైకప్పుకి, రెండోది లిఫ్టులకి. వీటినే స్పెషల్ అసెస్‌మెంట్ అంటారు. మామూలు ఫీజుకి ఇది అదనం, కట్టనంటే కుదరదు. పేజీ చివర్లో మూడేళ్ళ అంకెల పక్కన చిన్న అక్షరాలతో "వెళ్ళలేదు" అని మూడుసార్లు రాసి ఉంది. ఆ మూడేళ్ళూ ఆయనకి ఆరోగ్యం బాగోలేదు. వెళ్ళకపోయినా కట్టారు.

పిన్ని ఆ పేజీ మీద చెయ్యి పెట్టి, "ఇది నీకు అంటగట్టలేను, వద్దులే" అంది. నేను తీసుకోలేదు.

ఇక మీ లెక్క. అడిగే ధరను కాసేపు పక్కన పెట్టండి. ఇవాళ్టి వార్షిక ఫీజు 100 అనుకోండి. ఏటా 5 శాతం పెరిగితే 20వ ఏట కట్టేది 253 దగ్గరికి వస్తుంది. ఈ 20 ఏళ్ళూ కట్టింది మొత్తం కూడితే 3,300 దాటుతుంది. 3 శాతమే పెరుగుతుందనుకున్నా 2,687. దీని ముందు అమ్మేవాళ్ళు అడిగే ధర ఏపాటి? అసలు మీరు కొంటున్నది ఆ 3,300ని. గదిని కాదంటాను. హోటల్ అద్దెలు కూడా పెరుగుతాయి కదా అని నన్ను చాలామంది అడిగారు. పెరుగుతాయి. కానీ హోటల్‌కి వెళ్ళని ఏడాది మీరు ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు. బాబాయి పేజీలో ఆ మూడు "వెళ్ళలేదు"లు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కనిపిస్తాయి.

బీచ్ అనేసరికి రిజర్వ్ ఫండ్ సంగతి, అంటే పెద్ద మరమ్మతుల కోసం ముందుగా కూడబెట్టే నిధి సంగతి, తప్పకుండా అడగాలి. 2021 జూన్ 24న ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో, సముద్రం ఒడ్డునే ఉన్న 12 అంతస్తుల చాంప్లెయిన్ టవర్స్ సౌత్ కూలిపోయి 98 మంది చనిపోయారు. అది టైమ్‌షేర్ కాదు, మామూలు అపార్ట్‌మెంట్లే. కానీ మరమ్మతుల్ని ఏళ్ళ తరబడి వాయిదా వేస్తే ఏమవుతుందో అక్కడ లోకమంతా చూసింది. కూలడానికి కొద్ది నెలల ముందే ఆ భవనం ఓనర్ల మీద దాదాపు కోటిన్నర డాలర్ల అసెస్‌మెంట్ పడింది. ఆ తర్వాత 2022లో ఫ్లోరిడా మూడు అంతస్తులు, ఆపైన ఉన్న కాండో (ఫ్లాట్లు ఎవరివి వాళ్ళ సొంతంగా ఉండే) భవనాలకి నిర్మాణ తనిఖీలు, మరమ్మతుల నిధి లెక్కలు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. కాబట్టి ఫీజు తక్కువగా ఉందని ఎవరైనా మురిపెంగా చెబితే నాకు భయమేస్తుంది. తీరంలో పాత భవనానికి ఫీజు తక్కువ ఉందంటే చేయాల్సిన పని ఏదో చేయకుండా వదిలేస్తున్నారనే నేను నమ్ముతాను.

వారం ఏదో మీరు రాయలేదు. అది చాలా ముఖ్యం. అట్లాంటిక్ తీరంలో హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా, ఉధృతంగా ఉండేది సెప్టెంబర్‌లో. అలాంటి వారాలు చవకగానే దొరుకుతాయి. ఫీజు మాత్రం చాలాచోట్ల సెలవుల వారానికీ దీనికీ ఒకటే. ఫిక్స్‌డ్ వారమైతే, అంటే ఏటా క్యాలెండర్‌లో ఒకే నంబరు వారమైతే, నంబరు అదే ఉన్నా తేదీలు ఏటా కొద్దిగా జరుగుతుంటాయి, పిల్లల సెలవులకి అందకుండా పోయే ఏళ్ళు కూడా ఉంటాయి.

వ్యూ గురించి కూడా చెప్పాలి, ఇది నాకు చాలా కోపం తెప్పించే విషయం. "సముద్రం కనిపించే గది" అని కాగితం మీద రాస్తారు. పిన్ని వాళ్ళ గదిలో సముద్రం కనబడాలంటే బాల్కనీ ఎడమ మూలకి వెళ్ళి మెడ బయటికి చాపాలి. బాబాయికి మెడ నొప్పి ఉండేది. "ఓషన్ ఫ్రంట్" వేరు, "ఓషన్ వ్యూ" వేరు, "పార్షియల్ వ్యూ" ఇంకా వేరు. ఈ తేడాను అమ్మేటప్పుడు నోటితో ఎవరూ చెప్పరు. డబ్బు పెట్టే మనిషికి ఇది సూటిగా చెప్పడానికి ఏం బాధ?

రీసేల్‌లో కొంటే అసలు ఓనరుకి ఉన్న సౌకర్యాలన్నీ మీకు వస్తాయని అనుకోవద్దు. డిస్నీ వాళ్ళ టైమ్‌షేర్ పథకం డిస్నీ వెకేషన్ క్లబ్‌నే చూడండి. వాళ్ళకి అమెరికాలో వీరో బీచ్‌లో, హిల్టన్ హెడ్‌లో తీరం దగ్గర రిసార్టులున్నాయి. 2019 జనవరి 19 నుంచి వీటి పాయింట్లను (అక్కడ వారానికి బదులు పాయింట్లు కొని గది వాడుకుంటారు) రీసేల్‌లో కొన్నవాళ్ళు వాటిని డిస్నీ వాళ్ళదే అయిన రివియెరా రిసార్ట్‌లో వాడుకోలేరు. వీరో బీచ్, హిల్టన్ హెడ్ రెండు చోట్లా ఒప్పందాలు 2042 జనవరి 31తో ముగుస్తాయి. ముగింపు తేదీ ఉండటం చాలామందికి లోపంగా కనిపిస్తుంది. నాకైతే అదే మంచి గుణం. తేదీ లేని ఒప్పందమైతే ఫీజు మీ తర్వాత మీ పిల్లల ముందుకి వస్తుంది, వాళ్ళు పరుగెత్తి వద్దనాలి. ఆర్.సి.ఐ. లాంటి ఎక్స్ఛేంజ్ సంస్థలు 1974 నుంచీ ఉన్నాయి. మీ వారం ఇచ్చి వేరే ఊళ్ళో వారం తీసుకోవచ్చు, నిజమే. దానికి సభ్యత్వం వేరు, మార్పిడి ఫీజు వేరు. పైగా గిరాకీ లేని వారానికి బదులుగా మంచి వారం దొరకడం కష్టం.

సంతకం పెట్టాక మనసు మారితే? ఐరోపా యూనియన్‌లో 2008 నాటి టైమ్‌షేర్ డైరెక్టివ్ (సభ్యదేశాలు పాటించాల్సిన ఆదేశం) ప్రకారం సంస్థల దగ్గర కొన్నవాళ్ళకి 14 రోజులు, ఫ్లోరిడాలో డెవలపర్ దగ్గర కొన్నవాళ్ళకి 10 రోజులు వెనక్కి తగ్గే హక్కు ఉంది. కానీ ఒక మామూలు ఓనర్ దగ్గర మీరు నేరుగా కొంటుంటే ఆ గడువు మీద ఆశ పెట్టుకోవద్దు. డబ్బు ఇవ్వకముందే రిసార్ట్ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి: పాత బాకీ ఏమైనా ఉందా, ఈ ఏడాది వారం ఇప్పటికే వాడేశారా, పేరు మార్చడానికి ఎంత తీసుకుంటారు, వాళ్ళకే ముందుగా కొనే హక్కు ఉందా. అమ్మేవాళ్ళు మంచివాళ్ళే అయినా వాళ్ళకే ఇవన్నీ తెలియవు. పిన్నికి తెలియవు.

పిన్ని పేరు తలిస్తే ఇంకో బాధ గుర్తొస్తోంది. నేను వద్దన్నాక ఆమె అమ్మిపెడతామన్న ఒక కంపెనీకి ముందే డబ్బు కట్టింది. "కొనేవాళ్ళు రెడీగా ఉన్నారు" అన్నారట. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. అమ్మకం పూర్తికాకముందు ఇలా డబ్బు తీసుకోవడాన్ని ఐరోపా డైరెక్టివ్ నిషేధించింది. అన్ని చోట్లా ఆ నిబంధన ఉండి ఉంటే ఒంటరిగా ఉన్న పెద్దావిడ నుంచి ఆ డబ్బు పోయేది కాదు. ఇది దోపిడీయే, నేను ఇంకో మాట వాడను. రేపు మీరు అమ్మాలనుకున్నా ఇలాంటివాళ్ళే ముందుగా ఫోన్ చేస్తారు.

మరి ఎవరూ కొనకూడదా అంటే, నా దగ్గర ఒకే పరీక్ష ఉంది. అదే రిసార్ట్‌లో, అదే వారానికి, ఏ ఓనరైనా అద్దెకిస్తున్నారేమో చూడండి. చాలామంది ఫీజు డబ్బులు వస్తే చాలని ఇచ్చేస్తుంటారు. ఆ అద్దె వార్షిక ఫీజుకి అటూ ఇటూగా ఉంటే కొనాల్సిన అవసరమే లేదు, అద్దెకి వెళ్ళండి, నచ్చకపోతే వచ్చే ఏడు ఇంకో చోటికి పోండి. అద్దె ఫీజుకి ఒకటిన్నర రెట్లు దాటి ఉండి, మీరు ఏటా అక్కడికే, ఆ వారానికే వెళ్ళే కుటుంబమైతే, ఒప్పందానికి ముగింపు తేదీ గానీ వద్దనుకున్నప్పుడు వెనక్కి తీసుకుంటామన్న కాగితం గానీ ఉంటే, అప్పుడు తీసుకోండి. అలాంటివాళ్ళు ఉన్నారు. బాబాయి వాళ్ళ పక్క గదివాళ్ళు అలాంటివాళ్ళే, పిల్లల పిల్లలతో సహా ఏటా వచ్చేవాళ్ళు. వాళ్ళని చూసి నేను సంతోషించాను కూడా.

చివరికి పిన్ని వారాన్ని రిసార్ట్ వాళ్ళే వెనక్కి తీసుకున్నారు. బాకీ లేకుండా ఉండటం, పైగా ఇంకో ఏడాది ఫీజు ముందుగా కట్టడం, ఇవీ షరతులు. కాగితాలు తిరగడానికి ఐదు నెలలు పట్టింది. ఉత్తరం వచ్చిన రోజు నాకు ఫోన్ చేసి అందులో ఉన్న ఒక వాక్యం రెండుసార్లు చదివి వినిపించింది, "ఇకపై ఎలాంటి చెల్లింపు బాధ్యత లేదు" అన్న వాక్యం. ఇద్దరికీ కాసేపు మాట రాలేదు. బాబాయి రాసిన ఆ పేజీ మాత్రం ఆమె దాచుకుంది.

మీకు అమ్ముతున్న వాళ్ళని గత ఐదేళ్ళ బిల్లులు, ఆ ఐదేళ్ళలో వాళ్ళు ఎన్నిసార్లు వెళ్ళారో అడగండి. అంకెలు ఇక్కడ పెడితే కలిసి లెక్క వేద్దాం.