రిపీటర్ మెమరీలో పెట్టాను, వినపడుతోంది కానీ నా పిలుపు వెళ్లడం లేదు, ఎందుకు?

బెంగళూరులో కొత్తగా హ్యామ్ (అభిరుచి రేడియో) లైసెన్సు తెచ్చుకున్న మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. రిపీటర్ అంటే మన పిలుపుని ఒక ఫ్రీక్వెన్సీలో అందుకుని, ఇంకో ఫ్రీక్వెన్సీలో దూరానికి మళ్లీ పంపే స్టేషన్. మెమరీ అంటే ఒట్టి నంబరు దాచుకోవడం కాదండీ, ఫ్రీక్వెన్సీతో పాటు ఆఫ్‌సెట్టూ (వినే, మాట్లాడే ఫ్రీక్వెన్సీల మధ్య తేడా), అది ప్లస్సా మైనస్సా అన్నదీ, రిపీటర్ అడిగే టోనూ (రిపీటర్ మన పిలుపుని ఒప్పుకోవడానికి మాటతో పాటు వెళ్లే సన్నని స్వరం) కలిపి దాచాలి. ఉదాహరణకి రిపీటర్ 145.600 మెగాహెర్ట్జ్‌లో వినిపిస్తుంటే మనం మాట్లాడాల్సింది 600 కిలోహెర్ట్జ్ కిందన, అంటే 145.000లో.

బావోఫెంగ్ యూవీ-5ఆర్ లాంటి చేతి సెట్‌లో అసలు తిరకాసు ఇక్కడే ఉంది. వీఎఫ్ఓ మోడ్‌లో (ఫ్రీక్వెన్సీని నేరుగా కొట్టే పద్ధతిలో) తెర మీది పై లైనులో టోను ముందే పెట్టుకుని, 145.600ని మెనూ 27తో ఖాళీ ఛానెల్‌లో వేశాక, 145.000 కొట్టి మళ్లీ అదే ఛానెల్ నంబరులో వేయాలి. రెండోసారి వేసిందే ట్రాన్స్‌మిట్‌కి వెళ్తుంది. ఆ రెండోది మర్చిపోయి నేను జయనగర్‌లో మేడ మీద అరగంట గొంతు చించుకున్నాను!

128 ఛానెళ్లూ ఇలా బటన్లతో నింపడం నరకం. సెట్‌ని కంప్యూటర్‌కి కలిపే కేబుల్ కొనుక్కుని చర్ప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నింపండి, పేర్లు కూడా అందులోనే పెట్టుకోవచ్చు. ఒక ఛానెల్ మాత్రం అంతరిక్ష కేంద్రం మాటలు వినడానికి 145.800కి ఉంచండి.