మాస్కుకు పార్టీ రంగు

ప్రశ్న: డాక్టరు గారూ, మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. కరోనా రోజుల్లో ఫోన్ చేస్తే "ఇక్కడ మాస్కు పెట్టుకుంటే ఒక పార్టీ, తీస్తే ఇంకో పార్టీ అమ్మా" అనేవాడు. మనమేదో జరిమానాకు భయపడి పెట్టుకున్నాం. ఇందులో పార్టీ ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. (ఒక తల్లి, తెనాలి)

జవాబు: మీ అబ్బాయి గోరంత కూడా పెంచి చెప్పలేదమ్మా. ఆ రోజుల్లో నేను డాలస్ శివార్లలోనే పిల్లల డాక్టరుగా ఉన్నాను. ఒకావిడ మా క్లినిక్ గుమ్మం దగ్గర హ్యాండ్‌బ్యాగ్‌లోంచి మాస్కు తీసి కొడుక్కి పెట్టేది. తిరిగి కారెక్కేలోపు తీసి మళ్లీ బ్యాగులో దాచేసేది. ఎందుకని అడిగితే, మావారు చూస్తే ఇంట్లో రగడ అంది. ఆయన ట్రంప్ అభిమాని. ఇంకో ఇంటివాళ్లది దీనికి తిరగేసిన కథ. ఖాళీ పార్కులో ఒక్కడే సైకిల్ తొక్కుకునే పిల్లాడి మూతికీ మాస్కే. తీస్తే చుట్టుపక్కలవాళ్లు తమను అవతలి పార్టీలో జమకడతారని బెంగ.

మొదటి తప్పు మా డాక్టర్లదే. 2020 ఫిబ్రవరి నెలాఖరున అమెరికా సర్జన్ జనరల్ (ప్రభుత్వం తరఫున జనానికి ఆరోగ్య సలహాలిచ్చే పెద్ద డాక్టరు) జెరోమ్ ఆడమ్స్ మాస్కులు కొనవద్దన్నారు, మామూలు జనానికి వాటివల్ల ప్రయోజనం లేదన్నారు. ఆసుపత్రి సిబ్బందికి కరువవుతాయన్న ఒక్క మాట చెప్పి ఊరుకుంటే ఎంత బాగుండేది! ఏప్రిల్ 3న అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ పెట్టుకోమంది. అదే రోజు ట్రంప్ "నేను మాత్రం పెట్టుకోను" అనేశారు. ఆయన జనం ముందు మాస్కుతో కనబడింది జులై 11న. అప్పటికే రంగు అంటుకుంది.

టెక్సస్ గవర్నర్ గ్రెగ్ అబాట్‌ది ట్రంప్ పార్టీయే. కేసులు పెరిగిపోయి 2020 జులైలో ఆయనే మాస్కు తప్పనిసరి చేశారు, మాట వినకపోతే 250 డాలర్ల దాకా జరిమానా. సొంత పార్టీవాళ్లే తిరగబడ్డారు. 2021 మార్చిలో ఎత్తేశారు. సరే అనుకుంటే, మే నెలలో ఇంకో ఉత్తర్వు: మాస్కు పెట్టుకు తీరాలనే స్థానిక ప్రభుత్వాలకు 1,000 డాలర్ల దాకా జరిమానా! పెట్టుకోకపోతే వేసే ఫైను పోయి, పెట్టుకోమంటే వేసే ఫైను వచ్చింది. ఆ రాష్ట్రంలోనే పారిస్ అనే ఊరుంది. అక్కడి బడులవాళ్లు ఆగస్టులో మాస్కును డ్రెస్ కోడ్‌లో చేర్చేశారు. గవర్నర్ ఉత్తర్వు దుస్తుల నిబంధనల జోలికి రాలేదు కదా అని వాళ్ల వాదన. నాకు నవ్వొచ్చింది, వాళ్ల తెలివి నచ్చింది కూడా. కానీ చూడండి, జబ్బు సంగతి ఎటో పోయి, పెత్తనం ఎవరిదన్న తగాదా మిగిలింది.

మధ్యలో నలిగింది మాలాంటి వాళ్లం. రెండేళ్లు నిండిన పిల్లలకూ మాస్కు పెట్టమని సీడీసీ, ఐదేళ్లలోపు వాళ్లకు అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ. నాకు రెండోదే సబబనిపించేది. ఆ ముక్క పైకంటే చాలు, "ఓహో, మీరు ఆ పార్టీయా?" అనేవాళ్లు.

ప్రశ్న: మాస్కులు శుద్ధ దండగని కాక్రేన్ సంస్థ తేల్చేసిందంటూ వాట్సాప్‌లో వీడియో వచ్చింది. నిజమేనా? (రిటైర్డ్ టీచర్, ఖమ్మం)

జవాబు: తేల్చలేదు మాస్టారూ. కాక్రేన్ అంటే వైద్య అధ్యయనాలన్నీ పోగేసి బేరీజు వేసే సంస్థ. 2023 జనవరిలో వచ్చిన ఆ సమీక్ష చూసింది, జనాన్ని మాస్కు పెట్టుకోమని ప్రోత్సహిస్తే జబ్బు తగ్గుతుందా అని. గట్టిగా ఏదీ చెప్పలేమంది. మాస్కు పనిచేయదని దానికి అర్థం తీయడం తప్పని కాక్రేన్ ముఖ్య సంపాదకురాలు కార్లా సోరెస్-వైజర్ తర్వాత వివరణ కూడా ఇచ్చారు. ఆ వివరణ వాట్సాప్‌లో తిరగదు లెండి.

నాకు నచ్చిన అధ్యయనం బంగ్లాదేశ్‌ది. 600 ఊళ్లు, దాదాపు 3.4 లక్షల మంది. కొన్ని ఊళ్లలో మాస్కులు ఉచితంగా పంచి, బజార్లలో, మసీదుల్లో మర్యాదగా గుర్తుచేశారు. పెట్టుకునేవాళ్లు నూటికి 13 మంది నుంచి 42కి పెరిగారు. సర్జికల్ మాస్కులు ఇచ్చిన ఊళ్లలో అరవై దాటినవాళ్లకు లక్షణాలతో వచ్చిన కరోనా 35 శాతం తగ్గింది. గుడ్డ మాస్కులకు అంత స్పష్టమైన ఫలితం రాలేదు.

ప్రశ్న: మన దగ్గర మాస్కుతో రాజకీయం లేదంటారా? (డిగ్రీ విద్యార్థి, నల్గొండ)

జవాబు: మీ జిల్లావాళ్లే ఈ మాట అడగాలి బాబూ! 2021 ఏప్రిల్ 11న తెలంగాణలో మాస్కు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అన్నారు. 14న నాగార్జునసాగర్ ఉపఎన్నిక కోసం మీ జిల్లాలోని హాలియాలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ బహిరంగ సభ. 19న ముఖ్యమంత్రికే పాజిటివ్. ఆయన పార్టీ అభ్యర్థికీ సోకింది. సభవల్లే వచ్చిందని నేననను. అవతల తిరుపతి ఉపఎన్నికకు అప్పటి ఏపీ ముఖ్యమంత్రి జగన్ తన సభ మానుకున్నారు కాబట్టి, మానుకోవడం సాధ్యమేనని మాత్రం అంటాను. మన దగ్గర మాస్కు పార్టీ గుర్తు కాలేదు. బండిమీద పోయేవాడికి ఒక రూలు, సభకు ఇంకో రూలు అయింది, అంతే.

నాయకుల తీరు కొత్తదేం కాదు. 1918 ఫ్లూ కాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో మాస్కు చట్టం తెచ్చిన మేయర్ జేమ్స్ రాల్ఫ్, ఆరోగ్యాధికారి విలియం హాస్లర్ ఇద్దరూ ఒక బాక్సింగ్ పోటీలో మాస్కుల్లేకుండా ఫొటోకు దొరికిపోయారు. మేయరు 50 డాలర్లు, హాస్లర్ 5 డాలర్లు జరిమానా కట్టారు. హాలియా సభలో ఎవరికైనా వెయ్యి రూపాయల రసీదు తెగి ఉంటే పంపించు, వచ్చే సంచికలో అచ్చువేద్దాం.